కంట్రోల్ గ్రూపులో చెంగమ్మ

నన్ను సాగనంపిన రోజు కాలేజీ సెమినార్ హాల్లో ఒక శాలువా కప్పి, ఒక గోడ గడియారం చేతిలో పెట్టారు. పరిశోధనా రంగానికి నేను చేసిన సేవ గురించి ఐదుగురు మాట్లాడారు. అందులో నలుగురికి నేనేం చేశానో తెలియదు. ఐదో ఆవిడ మా ప్రిన్సిపాల్ గారు. ఆవిడకు తెలుసు, అయినా మాట్లాడారు. శాలువా మా చెల్లెలికి ఇచ్చేశాను. గడియారం అట్టపెట్టెలోనే ఉంది.

ఏడేళ్ళు వార్డులో నర్సుగా, ఇరవై ఆరేళ్ళు నర్సింగ్ కాలేజీలో టీచరుగా పనిచేశాను. ఎప్పుడు ఏ హోదా వచ్చిందో మీకు అనవసరం. ఆ కాయితాలు బీరువాలో ఉన్నాయి, చెదలు చదువుకుంటాయి. నర్సింగ్ పిల్లలకు పాఠాలు చెప్పడానికి కొత్తగా చేరబోయే మీలాంటివాళ్ళకు, ముఖ్యంగా పిల్లల రీసెర్చ్ ప్రాజెక్టులకు గైడుగా ఉండబోయేవాళ్ళకు, ఆ పని నిజంగా ఎలా ఉంటుందో చెప్పాలని కూర్చున్నాను. అందులో నేను చేసిన ఒక తప్పు ఉంది. దాన్ని తీపి పూసి చెప్పడం నాకు చేతకాదు. చేతనైనా చెప్పను.

రోజమ్మ సిస్టర్

నా మొదటి ఉద్యోగం నెల్లూరులో ఒక ఆసుపత్రి, మగవాళ్ళ వార్డు. వార్డు సిస్టర్ రోజమ్మ గారు. ఆదివారం చర్చికి ఎంత తెల్లటి చీర కట్టుకుని వెళ్ళేవారో డ్యూటీకీ అంత తెల్లటి బట్టల్లో వచ్చేవారు. నోరు మాత్రం అంత తెలుపు కాదు.

పొద్దున్నే ముప్పై మంచాల దగ్గరికీ వెళ్ళి జ్వరం, నాడి, ఊపిరి చూసి చార్టులో రాయాలి. ఒక రోజు పని ఎక్కువై, అందరినీ దూరం నుంచి చూస్తూ, జ్వరం లేనట్టు ఒకే అంకె రాసుకుంటూ పోయాను. పదకొండో మంచం మీద దుప్పటి గుట్టగా ఉంటే మనిషే అనుకున్నాను. ఆ మనిషి తెల్లారేసరికే ఎవరికీ చెప్పకుండా ఇంటికి వెళ్ళిపోయాడు.

రోజమ్మ గారు చార్టు పట్టుకుని వచ్చారు. "ఏమ్మే, పదకొండో మంచం ఆయనకి జొరం ఎంతుండాది?"

"లేదు సిస్టర్, నార్మల్."

"ఆయన సంగంలో కయ్యకి నీళ్ళు కట్టుకుంటా ఉంటే, ఈడ నీ చార్టులో జొరం లేకుండా పండుకోనుండాడే. ఎట్ట చూసినావు, దుర్భిణీ పెట్టుకోనా?"

వార్డంతా నవ్వింది. ఆవిడ అక్కడితో వదల్లేదు. థర్మామీటర్ తీసుకుని సంగం బస్సెక్కి, ఆ మనిషిని వెతికి, జ్వరం ఎంతుందో చూసి రమ్మన్నారు. యూనిఫాంలోనే వెళ్ళాను. ఆయన నిజంగానే పొలం గట్టున, గెనెం మీద తువ్వాలు కప్పుకుని వణుకుతూ కూర్చున్నాడు. నూట రెండు ఉంది. ఆ పూట తన వంతు నీళ్ళు, ఆ వంతు తప్పితే మళ్ళీ వారం ఆగాలి, అందుకని వచ్చేశానన్నాడు. నీళ్ళు కట్టడం అయ్యేదాకా గెనెం మీదే కూర్చుని, ఆయన్ను వెంటబెట్టుకుని సాయంత్రం బస్సుకు తిరిగొచ్చాను.

రోజమ్మ గారు మళ్ళీ తిట్టలేదు. "ముందు మనిషిని చూడు మే. ఆ తరవాత కాయితం ముట్టుకో" అన్నారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు ఎవరైనా నిజంగా ఏదైనా నేర్పారంటే అది ఆ ఒక్క మాట. దాన్నీ నిలబెట్టుకోలేకపోయాను.

పుస్తకం తయారయ్యే విధం

బీఎస్సీ నర్సింగ్ పిల్లలు చదువు ముగిసేలోపు ఒక రీసెర్చ్ ప్రాజెక్టు చేయాలి. ఆరేడుగురు ఒక గుంపు, గుంపుకొక గైడ్. పేర్లు మారతాయి గానీ ప్రాజెక్టు మాత్రం ఒకటే. ఏదో ఒక జబ్బు తీసుకుంటారు. ఏదో ఒక ఊరు తీసుకుంటారు. "ఎంపిక చేయబడిన గ్రామము" అని రాస్తారు. ఎంపిక చేసేది కాలేజీ బస్సు. అది ఎంతదూరం పోతే అంతవరకే మా పరిశోధన.

ఊళ్ళోవాళ్ళకు ఒక ప్రశ్నాపత్రం ఇచ్చి, ఎంత తెలుసో మార్కులు వేస్తారు. దాన్ని ప్రీ టెస్ట్ అంటారు. తర్వాత బొమ్మల అట్టలు పట్టుకుని నలభై ఐదు నిమిషాల పాఠం చెప్తారు. వారం పది రోజులకు మళ్ళీ అదే ప్రశ్నాపత్రం. అది పోస్ట్ టెస్ట్. మార్కులు పెరుగుతాయి. పెరగక ఏమవుతాయి, జవాబులు చెప్పి వచ్చింది మేమే కదా. పాఠం వల్ల జ్ఞానం పెరిగినదని తేలినది అని రాసి, మెరూన్ రంగు అట్ట వేయించి, దాని మీద బంగారు రంగు అక్షరాలు కొట్టిస్తారు. ఆ పుస్తకం లైబ్రరీలో పైఅరకు చేరుతుంది.

అలాంటి పుస్తకాలు ఎన్నింటి మీద సంతకం పెట్టానో లెక్కపెట్టలేదు. పాఠం పనిచేయలేదని ఒక్కదానిలోనూ తేలలేదు. ఇంత బాగా పనిచేసే పాఠాలుండగా వార్డుల్లో మంచాలు ఎందుకు ఖాళీ కావడం లేదని ఏ పరీక్షాధికారీ అడగలేదు. అంతా శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం.

ఒకసారి ఒక గుంపు తెచ్చిన పోస్ట్ టెస్ట్ పత్రాలు చూస్తుంటే అన్నింటిలో టిక్కు ఒకే వంకర తిరిగి ఉంది. ఊరివాళ్ళు వేసిన వేలిముద్రలు కూడా ఒకే వేలివిలా ఉన్నాయి. పిల్లల్ని పిలిచి అడిగితే తలలు దించుకున్నారు. "రెండోసారి బస్సు ఇయ్యలేదు మేడమ్, ఏం చేసేది?" అన్నారు. హాస్టల్లో కూర్చుని వాళ్ళే నింపేశారు. ఆ కట్ట తీసుకుని ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళాను.

"అంకెలు కుదిరినాయా?" అన్నారు ఆవిడ.

"కుదిరాయి మేడమ్. అందుకే అనుమానం వచ్చింది."

"కుదిరితే సంతకం పెట్టు సుగుణా. పిల్లకాయల చదువులతో ఆడుకోబాక."

సంతకం పెట్టాను. ఆవిడ మీద కోపం లేదని చెప్తే అబద్ధం. ఉంది, ఇప్పటికీ ఉంది. కానీ ఆ రోజు పెన్ను మూత తీసింది నా చెయ్యే. బస్సు ఇవ్వనిది కాలేజీ, దొంగపత్రాలు నింపింది పిల్లలు, కళ్ళు మూసుకుంది నేను, మార్కులు వేసింది పైనుంచి వచ్చినాయన. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు అందరం పంచుకున్నాం కాబట్టి ఎవరికీ బరువు అనిపించలేదు.

మస్తానమ్మ అడిగిన మాట

మస్తానమ్మ నాలుగో సంవత్సరంలో నా గుంపులోకి వచ్చింది. సంగం దగ్గర పల్లె, వరి పండించుకునే ఇల్లు. క్లాసులో మూడో బెంచీలో కూర్చుని నోట్సు తక్కువ రాసేది, ప్రశ్నలు ఎక్కువ అడిగేది. పోస్ట్ టెస్ట్ గురించి చెప్తుంటే లేచి, "కట్టు కట్టేదెట్టో నోటితో చెప్పినోళ్ళకి మార్కు ఇస్తాం గదా మేడమ్, కట్టడం వచ్చో రాదో యాడ చూస్తాం?" అంది. కూర్చోమన్నాను. సమాధానం తెలియని ప్రశ్నలకు టీచర్లు చెప్పే సమాధానం అదే.

వాళ్ళ ప్రాజెక్టు చక్కెర జబ్బు ఉన్నవాళ్ళకు పాదాల జాగ్రత్త గురించి. ఆ ఏడు నేను కొంచెం గొప్పకు పోయాను. అందరిలా ఒక్క ఊరు కాదు, రెండు ఊళ్ళు తీసుకుందాం అన్నాను. విడవలూరు వైపు ఒక ఊళ్ళో పాఠం చెప్తాం. అల్లూరు వైపు ఒక ఊళ్ళో చెప్పం. రెండు చోట్లా రెండుసార్లు పరీక్ష పెడతాం. చెప్పిన ఊళ్ళో మార్కులు పెరిగి, చెప్పని ఊళ్ళో పెరగకపోతే, ఆ పెరుగుదల మా పాఠం వల్లేనని గట్టి రుజువు. చెప్పకుండా ఉంచే ఆ ఊరివాళ్ళను కంట్రోల్ గ్రూప్ అంటారు. రెండో పరీక్ష అయ్యాక వాళ్ళకూ పాఠం చెప్పి రావాలి. అప్పటిదాకా నోరు మెదపకూడదు. మనుషులకు పేర్లుండవు, నెంబర్లుంటాయి. అల్లూరు వైపు వాళ్ళకు సి ఒకటి, సి రెండు అని ఇచ్చాం.

అల్లూరు వైపు మొదటి పరీక్ష పెట్టి వచ్చిన సాయంత్రం మస్తానమ్మ స్టాఫ్ రూముకు వచ్చింది. చేతిలో ఒక్క ప్రశ్నాపత్రం ఉంది.

"మేడమ్, సి పదిహేడు గురించి."

సి పదిహేడు రొయ్యల షెడ్డులో తలలు తీసే ఆడమనిషి. గుంటల్లో పట్టిన రొయ్యలను ఐసులో వేసి తెస్తే, తడి నేల మీద నిలబడి పొద్దుటినుంచి తలలు గిల్లుతుంది. రొయ్య తల మీద కొమ్ము ముల్లులా ఉంటుంది. తీసిన తలలన్నీ కాళ్ళ దగ్గరే పడతాయి. మస్తానమ్మ ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని ప్రశ్నలు చదివింది. ఆ ప్రశ్నలు ఇంగ్లీషులోంచి మేము దింపినవి. "మధుమేహ పాద వ్రణము అనగానేమి?" అని చదివితే, "అదేందో నాకు తెలీదు పాపా, నీకు తోచింది రాసుకో" అందట. తొమ్మిదో ప్రశ్న, "పాదముల అడుగుభాగమును ప్రతిదినము పరిశీలించుకొందురా?" అని.

"అప్పుడు ఆమె కాలెత్తి నా ముందర పెట్టింది మేడమ్. నా కాలి అడుగు నాకెట్ట కనపడతాది, నువ్వు చూసి చెప్పు పాపా అంది." మస్తానమ్మ ప్రశ్నాపత్రం వెనక్కు తిప్పింది. అక్కడ పెన్సిల్‌తో పాదం బొమ్మ గీసి, మడమకు కొంచెం పైన ఒక సున్నా చుట్టింది. "ఎడమ కాలు. చిటికెన వేలి గోరంత చిల్లి ఉండాది. నొక్కితే చీము వచ్చింది. నొప్పే లేదంటా ఉండాది. రేపే ఆసుపత్రికి పొమ్మని చెప్పేదా మేడమ్?"

వార్డులో ఉండి ఉంటే ఆ మాట పూర్తయ్యేలోపే లేచేదాన్ని. చక్కెర జబ్బు మనిషికి నొప్పి తెలియని గాయం ఉందంటే ఎంత భయపడాలో నేనే పిల్లలకు చెప్పేదాన్ని. కానీ ఆ రోజు నేను వార్డులో లేను. రీసెర్చ్ గైడ్ కుర్చీలో ఉన్నాను. నాకు పాదం కనిపించలేదు. సి అక్షరం కనిపించింది.

"అది కంట్రోల్ గ్రూప్ కదమ్మా" అన్నాను.

"అవును మేడమ్."

"ఇప్పుడు కాలి గురించి నువ్వు చెప్తే ఆమె పక్కింటివాళ్ళకు చెప్తుంది. వాళ్ళు ఇంకొకరికి. రెండో పరీక్షలో ఊరంతా మార్కులు తెచ్చుకుంటే మన స్టడీ ఏం కావాలి? వచ్చే బుధవారం ఎలాగూ వెళ్తున్నారు. ఆ పరీక్ష రాయించుకుని, వెంటనే అన్నీ చెప్పి, ఆసుపత్రికి పంపు. వారంలో ఏం కాదు."

ఏ పుస్తకంలోనూ గాయం కనిపిస్తే ఊరుకోమని లేదు. అది నేను కలిపింది. మస్తానమ్మ ప్రశ్నాపత్రం మడిచింది. "బుధారం వస్తాం పెద్దమ్మా, అప్పుడు నీ కాలి సంగతి చూస్తాం అని చెప్పొచ్చినాను మేడమ్" అంది. మంచిపని చేశావన్నాను. ఎదురు చెప్తుందేమో అనుకున్నాను గానీ చెప్పలేదు. మంచి విద్యార్థి. మేము అలా తయారు చేశాం.

బుధవారాలు

ఆ బుధవారం పిల్లలు అల్లూరు వైపు వెళ్ళలేదు. కాలేజీకి తనిఖీ వాళ్ళు వస్తున్నారని ముందురోజు తెలిసింది. బస్సును ఇంకో పనికి పంపారు. నాలుగో సంవత్సరం పిల్లల్ని ల్యాబులో దుమ్ము దులపడానికి, మిగిలినవాళ్ళను రిజిస్టర్లు రాయడానికి పెట్టారు. ల్యాబులో రబ్బరు బొమ్మ పేషెంటుకు కొత్త దుప్పటి కప్పించాం. ఆ బొమ్మ కాళ్ళు కూడా నేనే తుడిపించాను.

తనిఖీవాళ్ళు చెప్పిన రోజు రాలేదు. తర్వాతి వారం వచ్చారు. అలా రెండో బుధవారం కూడా పోయింది. మస్తానమ్మ ఒకసారి నా గది గుమ్మం దాకా వచ్చి, "మేడమ్, సి పదిహేడు..." అంది. "ఈ హడావిడి కానీయమ్మా" అన్నాను. వెళ్ళిపోయింది. మూడో బుధవారం బస్సు దొరికింది.

ఆ సాయంత్రం పిల్లలు పోస్ట్ టెస్ట్ పత్రాల కట్ట నా బల్ల మీద పెట్టారు. సి పదిహేడు లేదు. ఇంటికి తాళం వేసి ఉందని, జ్వరం వచ్చి తెలివి తప్పితే నెల్లూరుకు తీసుకెళ్ళారని పక్కింటివాళ్ళు చెప్పారట. ఆ మాట చెప్పేటప్పుడు మస్తానమ్మ నా మొహంలోకి చూడలేదు. మిగతా పిల్లలు ఒకరు తగ్గితే లెక్క ఎలా వేయాలని అడిగారు. దానికి ఒక పద్ధతి ఉంది, చెప్పాను. రెండో పరీక్షకు దొరకని మనిషిని "తప్పుకున్నవారు" అని రాస్తారు. పుస్తకంలో నాలుగో అధ్యాయంలో ఒక వాక్యం ఉంది: కంట్రోల్ గ్రూప్ నుండి ఒకరు తప్పుకొనినారు. ఆ వాక్యంలో ఒక అచ్చుతప్పు ఉంటే దిద్దాను కూడా.

పది రోజుల తర్వాత సర్జికల్ వార్డు డ్యూటీలో మస్తానమ్మకు ఆమె కనిపించింది. ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. మంచం దగ్గర కాగితం మీద పేరు చూసి నాకు చెప్పింది. ఆమె పేరు చెంగమ్మ. అప్పటిదాకా ఆమె పేరు నాకు తెలియదు.

వైవా

ప్రాజెక్టు మీద ప్రశ్నలు వేయడానికి బయటి నుంచి ఒక పెద్దాయన వచ్చారు. పుస్తకం తిప్పి, రెండు ఊళ్ళు తీసుకున్నందుకు మెచ్చుకున్నారు. చెప్పిన ఊళ్ళో మార్కులు బాగా పెరిగాయి. చెప్పని ఊళ్ళో పెరగలేదు. అంకెలు ముత్యాల్లా కుదిరాయి. ఆయన నాలుగో అధ్యాయం దగ్గర ఆగి, మస్తానమ్మ వైపు చూసి అడిగారు.

"ఇక్కడ ఒకరు తప్పుకున్నారని రాశారు. ఎందుకని?"

మస్తానమ్మ నోరు తెరిచింది. నేను ఆమెకు ఎదురుగా కూర్చున్నాను. ఇప్పుడు ఈ కాగితం నా ముందుందని ఎంత స్పష్టంగా తెలుసో, ఆ పిల్ల నిజం చెప్పబోతోందని అప్పుడు నాకు అంత స్పష్టంగా తెలుసు.

"అనారోగ్య కారణాల వల్ల సార్" అన్నాను నేను.

"ఆ, సహజమే" అన్నారాయన. పేజీ తిప్పారు. ఆ ఏటి ఉత్తమ ప్రాజెక్టు మాదే అయింది.

బయటికి వచ్చాక వరండాలో మస్తానమ్మ నన్ను ఆపింది. అంతవరకు ఏ విద్యార్థీ నాతో అలా మాట్లాడలేదు. "నన్ను అడిగినారు మేడమ్, మిమ్మల్ని కాదు. సరే పోనీండి. ఇంకా కుట్లు మానక ఆడే ఉండాది ఆమె. మీరొకతూరి వచ్చి చూడండి. నేను చూసినాను, మీరు చూడలేదు."

రోజమ్మ గారు పోయి చాలా ఏళ్ళయింది. వరండాలో ఆవిడే నిలబడినట్టు అనిపించింది.

మీకు చెప్పదలుచుకున్నది

చెంగమ్మను చూసిన సంగతి ఆఖర్న చెప్తాను. ముందు ఆ తర్వాత నేనేం చేశానో చెప్పాలి, లేకపోతే మీరు నన్ను మంచిదాన్ననుకునే ప్రమాదం ఉంది. పుస్తకం వెనక్కు తీసుకోలేదు. బహుమతి వద్దనలేదు. ప్రిన్సిపాల్ గారికి జరిగింది చెప్పాను. "అయ్యో పాపం" అన్నారు. వెంటనే, "ఇది బయట అనబాక" అన్నారు. బయట అనలేదు. మరుసటి ఏడాది నుంచి నా గుంపుల చేత కంట్రోల్ గ్రూపులు పెట్టించనన్నాను, ఊరికి వెళ్ళి నింపని పత్రం మీద సంతకం పెట్టనన్నాను. ఆ ఏడు నాకు గుంపులే ఇవ్వలేదు. లైబ్రరీ చూసుకోమన్నారు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ పైఅరలో మెరూన్ అట్టల కింద కూర్చున్నాను. ఆ పుస్తకం తీసుకోవడానికి ఒక్కరూ రాలేదు.

మీరు చేరబోయే చోట కూడా రేపు ఇవే పుస్తకాలు తయారవుతాయి. రీసెర్చ్ వద్దని నేను చెప్పను. మస్తానమ్మ లాంటి పిల్లలు పెన్సిల్‌తో ప్రశ్నాపత్రం వెనక గీసేది కూడా రీసెర్చే. నిజానికి అదే రీసెర్చ్. పిల్లలు ఊరికి వెళ్ళి చూసొచ్చి ఏదైనా చెప్తుంటే అది మీ పట్టికలో ఇమడకపోతే పట్టికను చింపండి. అంకెలు కుదరలేదని ఏడ్చే పిల్లను దగ్గర కూర్చోబెట్టుకోండి, అంకెలు కుదిరిన పిల్లను ఒకటికి రెండుసార్లు ప్రశ్నించండి. ఇవన్నీ చెప్పడం తేలిక. మీ పైన కూడా ఒక ప్రిన్సిపాల్ ఉంటారు, ఒక బస్సు ఉంటుంది, రాని బుధవారాలుంటాయి. నాలాగే మీరూ లొంగుతారేమోనని నా అనుమానం. లొంగినా, ఎవరి కాలు తాకట్టు పెట్టి లొంగుతున్నారో ఆ మనిషి పేరైనా తెలుసుకోండి.

మస్తానమ్మ ఇప్పుడు ఒక ఊరి ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తోంది. నాకు ఫోన్ చేయదు. చేయనక్కర్లేదు.

చెంగమ్మ

వైవా అయిన మర్నాడు మధ్యాహ్నం వార్డుకు వెళ్ళాను. మస్తానమ్మ మంచం దాకా తీసుకెళ్ళి పక్కన నిలబడింది. చెంగమ్మకు యాభై దాటి ఉంటాయి. గట్టి మనిషి. మోకాలి కింద కట్టు మీద దుప్పటి కప్పుకుని కూర్చుంది. మంచం పట్టీ మీద చోటు చూపించింది.

"కూచోండి మేడమ్. ఈ పాప చెప్పింది, మీరు వాళ్ళ పెద్ద మేడమ్ అంట."

కూర్చున్నాను. ఏం అడగాలో తోచక, టీచర్లకు అలవాటైన మాటే వచ్చింది నోటికి. "కాలు నల్లబడుతుంటే ముందే ఆసుపత్రికి రావాల్సింది కదమ్మా."

"మీ పిల్లకాయలు బుధారం వస్తామన్నారు గదా" అంది. "నర్సమ్మలే ఇంటికి వస్తా ఉంటే మళ్ళా బస్సెక్కి నేనెందుకు పొయ్యేదని ఆగినా. మా కోడలు పోదాం పోదాం అనింది. గమ్మునుండు, కాలేజీ పిల్లకాయలు వచ్చి చూస్తారు అన్నా. ఆ బుధారం షెడ్డుకి కూడా పోలేదు. అరుగు మీదే కూచోనుండా. ఆ మీద బుధారమూ కూచున్నా. ఆ తరవాత నాకు తెలివి లేదు."

వెనక మస్తానమ్మ ఏడుస్తోంది. నేను ఏడవలేదు. ఆ హక్కు నాకు లేదనిపించింది.

"కాలేజీకి తనిఖీకి వచ్చారమ్మా, అందుకని..." అని మొదలుపెట్టి ఆపేశాను.

"అట్టనా" అంది చెంగమ్మ. కట్టు మీద దుప్పటి సర్దుకుంది. "పోనీలే. ఇంతకీ మీ పరీక్షలో ఏం తేలింది మేడమ్?"

నిన్ననే ఆ పెద్దాయన ముందు దానికి ఇరవై నిమిషాలు జవాబు చెప్పాం. ఇప్పుడు తెలుగులో చెప్పాల్సి వచ్చేసరికి రెండే ముక్కలు మిగిలాయి. "మేము చెప్పిన ఊరివాళ్ళకు తెలిసింది. చెప్పని ఊరివాళ్ళకు తెలియలేదు."

ఆమె నా వైపు చూసింది. వెటకారం లేదు, కోపం లేదు. అర్థం చేసుకోవాలనే చూసింది.

"చెప్తే తెలుస్తాది, చెప్పకపోతే తెలీదు. ఇది కనుక్కునేదానికా నాకు చెప్పకుండా పోయినారు?"

అన్నేళ్ళలో నన్ను ఏ పరీక్షాధికారీ అలాంటి ప్రశ్న అడగలేదు.

"చెప్పేదేదో ఇప్పుడు చెప్పండి" అంది చెంగమ్మ. "ఇంకో కాలుండాది గదా."

వార్డు నర్సు దగ్గర చేతి అద్దం ఉంటే అడిగి తెచ్చాను. కుడికాలి కింద పట్టుకుని, అడుగు ఎలా చూసుకోవాలో చూపించాను. వేళ్ళ సందుల్లో తడి తుడవడం, షెడ్డుకు వెళ్తే మూసి ఉన్న బూట్లు వేసుకోవడం, వేసుకునేముందు వాటిని దులపడం, ముల్లు గుచ్చుకున్నా నొప్పి తెలియదు కాబట్టి రోజూ చూసుకోవడం, చిన్న చిల్లి కనపడ్డా ఎవరి కోసమూ ఆగకుండా ఆసుపత్రికి రావడం. ఆమె ఒక్కోటి మళ్ళీ తన మాటల్లో చెప్పింది. అద్దం తానే పట్టుకుని, కాలు అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"ఇంతేనా?" అంది.

"ఇంతే" అన్నాను.

లేచేటప్పుడు ఎదురుగా గోడ మీద గడియారం మళ్ళీ చూశాను. చెప్పడం మొదలుపెట్టినప్పుడు రెండున్నర. ఏడు నిమిషాలు పట్టింది.